ఈగ వాలని వంటిల్లు: ముందు దేనికి మూత పెట్టాలి

మా హాస్టల్ మెస్‌లో కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేను ముందు నేర్పేది మూతల సంగతి. ఏ గిన్నెకి ఏ మూత, అది ఎక్కడ తగిలించి ఉంటుంది, ఎవరు పెట్టాలి. వంట రానివాళ్లకి ఎలాగోలా నేర్పించుకోవచ్చు. మూత పెట్టే అలవాటు లేనివాళ్లతో మాత్రం రోజూ తలనొప్పే.

వాళ్లలో చాలామందిలో ఒకటి గమనించాను. పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెకి బుద్ధిగా మూత పెడతారు. పక్కనే కోసి పెట్టిన పండ్ల ముక్కలు, కడిగి పెట్టిన పళ్లేలు, తాగే నీళ్లు మాత్రం బార్లా తెరిచి వదిలేస్తారు. లెక్క తిరగబడిందన్నమాట. ఉడికే గిన్నె ఆవిరికి ఈగ దగ్గరికే రాదు. వచ్చి వాలినా, అది తెచ్చిన క్రిములు ఆ వేడికి చస్తాయి. పండ్ల ముక్కలు అలా కాదే, నేరుగా నోట్లోకి వెళ్తాయి. అందుకే మా వంటింట్లో మొదటి రూలు: మళ్లీ పొయ్యి ఎక్కనిదానికి ముందు మూత.

ఈ వరస గుర్తుంటే చాలు, మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. కోసిన పండ్లు, సలాడ్, పెరుగు, కాచి చల్లార్చిన పాలు, తాగే నీళ్లు, పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, పిల్లల పాలసీసాలు మొదటి వరస. వండి దించి చల్లారుతున్నవి రెండో వరస. ఇంకా ఉడకాల్సిన పచ్చి సరుకు చివర. పచ్చి సరుకుని వదిలేయమని కాదు. చేతిలో ఒక్కటే మూత ఉంటే దేనికి పెట్టాలో తెలియాలి కదా.

వాలిన ఆ కాసేపట్లో ఏం జరుగుతుంది

"ఒక్క ఈగకే ఇంత టెన్షన్ ఎందుకు మేడం, చేత్తో ఇలా అంటే పోతుంది కదా" అని ఒకమ్మాయి అడిగింది. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ఈగని గాజుగ్లాసు కింద బంధించి, లోపల నాలుగు పంచదార పలుకులు వేసి, కూర్చుని చూడమన్నాను.

మీరూ ఒకసారి చూడండి, చూసినది మర్చిపోలేరు. ఈగ ముందు ఆ పలుకుల మీద నడుస్తుంది. దానికి రుచి కాళ్లతోనే తెలుస్తుంది. తినదగ్గదని తేలగానే, తల కింద మడిచి పెట్టుకున్న తొండాన్ని దించుతుంది. తొండం చివర మెత్తటి భాగం స్పాంజ్‌లాగా ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఇళ్లలో తిరిగే ఈగ కొరకలేదు, నమలలేదు. ద్రవం తప్ప ఏదీ దాని గొంతు దిగదు. మరి గట్టి పంచదారని ఎలా తింటుంది? లాలాజలాన్నీ, అంతకుముందెక్కడో తిని లోపలి సంచిలో దాచుకున్నదాంట్లో కొంతనీ బయటికి కక్కుతుంది. దాంతో పలుకుని తడిపి, కరిగించి, ఆ ద్రవాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. చూస్తుండగానే పలుకు అంచు తడిగా మెరుస్తుంది, తర్వాత మూల అరిగి గుండ్రబడుతుంది. ఇంకాసేపటికి గ్లాసు గోడ మీద చుక్కలు పడతాయి. ముదురు చుక్కలు రెట్టలు, లేత రంగువి కక్కినవి.

ఆ అమ్మాయి మొహం చిట్లించుకుని లేచి వెళ్లి, పండ్ల ట్రే మీద మూత పెట్టేసింది.

అంతకుముందు ఎక్కడో తిన్నదన్నానే, అసలు సమస్య అక్కడే ఉంది. మలం, పేడ, కుళ్లిన చెత్త, చీము పట్టిన పుండు, మన పళ్లెం, ఈగకి అన్నీ ఒకటే. ఒంటి నిండా సన్నటి నూగు, కాళ్ల చివర జిగురు మెత్తలు ఉంటాయి కాబట్టి ఎక్కడ వాలితే అక్కడిది కొంత అంటుకుంటుంది. అలా మన తిండిలోకి మురికి మూడు రకాలుగా చేరుతుంది: కాళ్లకీ ఒంటికీ అంటుకున్నది, కక్కినది, రెట్ట. ఈగ ముందుకాళ్లు రుద్దుకుంటుంటే పిల్లలు దండం పెడుతోందని నవ్వుతారు. నిజానికి అది కాళ్లు శుభ్రం చేసుకుంటోంది. రాలినది మన పళ్లెంలోనే పడుతుంది.

ప్రతి ఈగా రోగం మోసుకొస్తుందని నేననను. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూసి చెప్పలేం, అదే చిక్కు. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా, టైఫాయిడ్ కుటుంబానికి చెందిన సాల్మొనెల్లా, కలరా క్రిమి, కొన్ని రకాల ఈ.కోలై, నులిపురుగుల గుడ్లు, ఇవన్నీ ఈగల మీద దొరికినవే. వీటిలో షిగెల్లా మరీ మొండిది. 10 నుంచి 100 క్రిములు కడుపులోకి వెళ్తే చాలు, జబ్బు చేస్తుంది. అంత కొంచెం తేవడానికి ఒక్క ఈగ ఎక్కువే.

ఈగలు తగ్గితే జబ్బులు తగ్గుతాయా అన్నది కొందరు లెక్క కట్టి చూశారు. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఈగలని పట్టే బోనులు గట్టిగా పెట్టి చేసిన అధ్యయనం 1991లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. ఈగలు 64 శాతం తగ్గిన చోట, షిగెల్లా జబ్బుతో ఆస్పత్రికి వచ్చేవాళ్లు 85 శాతం తగ్గారు. పాకిస్తాన్ పల్లెల్లో పిల్లల మీద చేసిన మరో అధ్యయనం 1999లో అదే పత్రికలో వచ్చింది. అక్కడ ఈగలని అదుపు చేస్తే పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయి. రెండు అంకెలకీ మధ్య తేడా చూశారా? ఈగ ఒక్కటే దారి కాదు, నీళ్లూ చేతులూ కూడా ఉన్నాయి. ఉన్న దారుల్లో మూతతో మూయగలిగింది ఇది.

ఈగ తెచ్చేది కొంచెం, పెంచేది మనం

షిగెల్లా లాంటివాటికి కొంచెం చాలు. మిగతా చాలా క్రిములకి అంత కొంచెం సరిపోదు, అవి ముందు తిండిలో పెరగాలి. అందుకు వాటికి కావలసింది తడి, గోరువెచ్చదనం, టైమ్. ఈ మూడూ మనమే ఇస్తాం.

అనుకూలంగా ఉంటే కొన్ని బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. వందతో మొదలెడితే రెండు గంటలకి 6,400. నాలుగు గంటలకి 4 లక్షలు దాటతాయి. ఇంత జరిగినా వాసన మారదు, రుచి మారదు, రంగు మారదు. తిండిని పాడుచేసే క్రిములు వేరు, మనిషిని పడగొట్టే క్రిములు వేరు. ముక్కు పట్టుకోగలిగేది మొదటి రకాన్నే. వాసన చూసి "బాగానే ఉంది" అని వడ్డించడం మా దగ్గర నిషిద్ధం.

క్రిములు బాగా పెరిగేది 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. అంటే మన గది వేడి వాటికి పండగ. వండినదాన్ని గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అప్పటికి తినేయాలి, లేదా 60 డిగ్రీల పైన పొగలు కక్కేలా ఉంచాలి, లేదా ఫ్రిజ్‌లోకి పంపాలి. గోరువెచ్చగా ఉంచడం అన్నిటికన్నా చెడ్డది. చాలామంది సరిగ్గా అదే చేస్తారు.

"తినేముందు మళ్లీ వేడి చేస్తాం కదా" అంటారు. చేయండి, మంచిదే, లోపలిదాకా 70 డిగ్రీలు దాటేలా చేయండి. కానీ వేడితో అన్నీ తీరవు. మన చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా, అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ లాంటివి తిండిలోకి విషం వదులుతాయి. క్రిమి చచ్చినా ఆ విషం మరిగిస్తే పోదు. బాసిల్లస్ విత్తనాలైతే (అంటే గట్టి పొర కప్పుకుని నిద్రపోయే క్రిములు) వండేటప్పుడే చావవు. అన్నం చల్లారి గంటలు గంటలు బయట ఉంటే మేలుకుంటాయి. దానికి ఈగ కూడా అక్కర్లేదు. కాబట్టి మూత పెట్టానన్న ధైర్యంతో అన్నం గిన్నెని పొద్దుటి నుంచి రాత్రిదాకా గట్టు మీద వదిలేయొద్దు.

పెద్ద గిన్నెతో ఇంకో ఇబ్బంది. పైన చల్లారినట్టే ఉంటుంది, గరిటె అడుగుకి దింపితే లోపల వెచ్చగా ఉంటుంది. మేము మిగిలినదాన్ని వెడల్పాటి ట్రేల్లోకి రెండంగుళాల మందానికి మించకుండా తీసి, వల మూత కింద ఫ్యాన్ గాలికి పెట్టి, వేడి దిగాక ఫ్రిజ్‌లోకి పంపుతాం. ఇంట్లో అయితే పెద్ద గిన్నెలోది రెండు మూడు చిన్న గిన్నెల్లోకి తీస్తే చాలు.

మూత ఎలా పెట్టాలి

1668లో ఫ్రాన్సెస్కో రెడి అనే ఇటలీ వైద్యుడు ఒక ప్రయోగం చేశాడు. కుళ్లిన మాంసంలోంచి పురుగులు వాటంతటవే పుడతాయని అప్పట్లో నమ్మేవాళ్లు. ఆయన కొన్ని జాడీల్లో మాంసం పెట్టి మూత లేకుండా వదిలాడు, కొన్నిటిని పూర్తిగా మూసేశాడు, కొన్నిటికి పల్చటి వలగుడ్డ కట్టాడు. తెరిచి ఉంచినవాటిలో పురుగులు పట్టాయి. మూసినవాటిలో పట్టలేదు. వలగుడ్డ కట్టినవాటిలో మాంసానికి పట్టలేదు గానీ, వాసనకి వచ్చిన ఈగలు ఆ గుడ్డ మీదే గుడ్లు పెట్టాయి.

సైన్సువాళ్లకి ఈ ప్రయోగంలో ఏది ముఖ్యమో గానీ, వంటవాళ్లకి ముఖ్యమైంది ఆ మూడో జాడీ. లోపలికి పోలేని ఈగ వెళ్లిపోదు, గుడ్డ మీద వాలి అక్కడే పని కానిచ్చేస్తుంది. కాబట్టి పల్చటి గుడ్డని తిండికి ఆనేలా పరిస్తే అది మూత కింద లెక్క కాదు. ఈగ పైన కూర్చుంటుంది, కక్కినది గుడ్డలోంచి దిగుతుంది, తొండం గుడ్డ సందుల్లోంచి తిండిని అందుకుంటుంది. గుడ్డ తడిగా ఉంటే మరీ సులువు. రొట్టెల మీద తడిగుడ్డ కప్పే అలవాటున్నవాళ్లు దాని పైన ఇంకో గట్టి మూత బోర్లించాలి.

వల మూత కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. గొడుగులా పైకి లేచి, తిండికీ వలకీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. అంచు చుట్టూరా బల్లకి సరిగ్గా ఆనాలి, ఒక పక్క లేచి ఉంటే ఈగ ఆ సందు వెతుక్కుని మరీ దూరుతుంది. కన్నం సన్నగా ఉండాలి. ఈగ పొడవు ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది గనక మిల్లీమీటరున్నర కన్నం దాన్ని ఆపుతుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలని ఆపాలంటే ఇంకా సన్నటి వల కావాలి. వలతో దుమ్ము ఆగదు, చీమలు ఆగవు, తుమ్ము తుంపరలు ఆగవు. ఆవిరి పోయేదాకా వల, ఆ తర్వాత గట్టి మూత.

పొగలు వస్తుండగానే గట్టి మూత బిగిస్తే లోపల నీరు పట్టి కిందికి కారుతుంది, తిండి త్వరగా చల్లారదు. అలాగని చల్లారేదాకా తెరిచి పెట్టడం పరిష్కారం కాదు. వల ఉన్నది అందుకే.

ఇక తీసిన మూత ఎక్కడ పెడుతున్నాం? దీన్ని ఎవరూ పట్టించుకోరు. గిన్నె మూత తీసి, పచ్చి కూరగాయలు తరిగిన గట్టు మీద బోర్లా పెట్టి, వడ్డించి, అదే మూతని మళ్లీ గిన్నె మీద పెడతారు. గట్టు మీదిదంతా గిన్నెలోకి ఎక్కినట్టే. మేము గోడకి కొక్కేలు కొట్టించాం, తీసిన మూత కొక్కేనికి వెళ్లాలి. కొక్కెం లేకపోతే శుభ్రమైన ఖాళీ పళ్లెం ఒకటి మూత కోసమే ఉంచండి.

పళ్లేలు, గ్లాసులు కడిగాక బోర్లించి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డలో ఉన్నది పళ్లేనికి పడుతుంది. తాగే నీళ్లలో చెయ్యి ముంచకుండా పిడి పొడవాటి గరిటె వాడండి, లేదా కుళాయి ఉన్న పాత్ర పెట్టుకోండి.

ఈగలు ఎక్కడ పుడుతున్నాయో వెతకండి

ఎంత మూత పెట్టినా వంటింటి నిండా ఈగలు తిరుగుతుంటే ఎక్కడో ఒక చోట సందు దొరుకుతుంది వాటికి. గుమ్మం దగ్గర ఈగలని కొట్టేకన్నా, పుట్టేచోటు పట్టుకుంటే ఫలితం ఎక్కువ.

ఆడ ఈగ ఒక్కో విడతకి 75 నుంచి 150 దాకా గుడ్లు పెడుతుంది, బతికున్నన్నాళ్లలో 500 దాకా. గుడ్లు తెల్లగా, మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ పొడవుంటాయి. వేడి వాతావరణంలో ఒక్క రోజులోపే పొదిగి పురుగులవుతాయి. ఆ పురుగులు తడిచెత్తలో తిని పెరిగి, తర్వాత పొడిచోటు వెతుక్కుంటూ పాకివెళ్లి గూడు కడతాయి. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు.

ఆ వారం పది రోజులే మనకి దొరికిన అవకాశం. వంటింటి తడిచెత్త ఏ రోజుది ఆ రోజే బయటికి పోవాలి. ఆవరణలోని పెద్ద చెత్తడబ్బా వారానికి కనీసం రెండుసార్లు ఖాళీ అవ్వాలి, అప్పుడు గుడ్లకి ఈగలయ్యే టైమ్ ఉండదు. డబ్బా ఖాళీ చేసేసి అయిపోయిందనుకుంటే లాభం లేదు. అడుగున అంటుకుని ఉండే ఆ జిగురు పొరే వాటికి పురిటిగది. కడిగి, ఎండబెట్టి, అప్పుడు కొత్త సంచి వేయండి. మూత బిగుతుగా పడాలి. కాలితో తెరిచే డబ్బా అయితే చేతికి మురికి అంటదు.

చెత్తడబ్బా శుభ్రంగా ఉన్నా ఈగలు తగ్గకపోతే ఈ చోట్లు చూడండి: సింక్ కింద కారిన తడి, కాలువ జాలీ, తడిసి మూల పడి ఉన్న నేలగుడ్డ, పెంపుడు జంతువు తినగా మిగిలిన గిన్నె, దాని పెంట, కుళ్లడం మొదలైన ఉల్లిపాయో బంగాళాదుంపో బుట్ట అడుగున. మా దగ్గర చాలాసార్లు దోషి ఆ దుంపల బుట్టే.

మరుగుదొడ్డి వంటింటికి దగ్గరగా ఉంటే దాని తలుపు, మూత, కిటికీ వల ముఖ్యం. గుంట దొడ్లకి పైకి గొట్టం పెట్టి దాని కొసకి వల బిగించే పద్ధతి 1970ల్లో ఇప్పటి జింబాబ్వేలో రూపొందింది. లోపల చీకటిగా ఉంచితే ఈగలు వెలుతురు కనపడే గొట్టంలోకి ఎగురుతాయి, పైన వల అడ్డొచ్చి అక్కడే చస్తాయి. గొట్టం వాసననీ లాగేస్తుంది. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. ఆ వల చిరిగిందో లేదో మాత్రం అప్పుడప్పుడూ చూసుకోవాలి.

రాత్రిపూట ఈగలు ఎగరవు, ఎత్తులో వేలాడే తీగలు, బల్బు వైర్లు, పైకప్పు అంచులు పట్టుకుని నిద్రపోతాయి. ఎక్కడ పడుకుంటున్నాయో తెలియాలంటే ఆ తీగల మీద నల్లటి చుక్కల కోసం చూడండి. చుక్కలు దట్టంగా ఉన్న తీగ కింద తరుగుడు బల్ల ఉంటే, బల్ల జరపండి. ఆ తీగ పక్కనే జిగురు పట్టీ వేలాడదీస్తే బాగా పడతాయి, కింద తిండి లేకుండా చూసుకోండి.

స్ప్రే మందుల గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. వంటింట్లో తిండి తెరిచి ఉండగా కొడితే, ఈగ తెచ్చే మురికి బదులు విషం కలిపినట్టు. కొట్టాల్సి వస్తే తిండి, పాత్రలు అన్నీ తీసేసి కొట్టి, తలుపులు తెరిచి, గట్లు కడిగాక అప్పుడు వంట. కరెంటు షాక్‌తో ఈగలని చంపే పరికరం తిండికి దూరంగా ఉండాలి. షాక్ తగిలిన ఈగ ముక్కలై చుట్టుపక్కల చిమ్ముతుంది. ఎర పెట్టే బోనులు ఇంటి బయట, గుమ్మానికి దూరంగా. గుమ్మం పక్కన పెడితే ఊళ్లో ఈగలన్నిటినీ పిలిచినట్టే. వడ్డించే బల్ల దగ్గర ఒక ఫ్యాన్ పెట్టి చూడండి, బలంగా గాలి వీచేచోట ఈగ వాలడానికి ఇబ్బంది పడుతుంది.

ఈగ లేకుండానే

తిండివల్ల జబ్బుపడేవాళ్లు ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది, చనిపోయేవాళ్లు 4,20,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు. ఇదంతా ఈగల మీదికి తోసేస్తే మన చేతులు తప్పించుకున్నట్టవుతుంది.

చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి: దొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డ ముడ్డి కడిగాక, పచ్చి మాంసం ముట్టుకున్నాక, చెత్త ముట్టుకున్నాక, ముక్కు చీదాక. ఫోన్ ముట్టుకున్నాక కూడా, దాన్ని మనం ఎక్కడికెక్కడికి తీసుకెళ్తామో మనకే తెలుసు. వేలు తెగితే ప్లాస్టర్ వేసి, దానిపైన గ్లవ్ వేసుకోవాలి.

పచ్చి మాంసానికి కత్తీ పలకా వేరు. ఒకటే ఉంటే, పచ్చిగా తినేవి ముందు కోసేసి, మాంసం చివర కోసి, అప్పుడు సబ్బుతో కడగండి. చికెన్‌ని కుళాయి కింద కడగొద్దు. క్రిములు పోవు, తుంపరలు సింక్ చుట్టూ పడతాయి. వాటిని చంపేది ఉడకబెట్టడమే. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. పైన పెడితే కారి కింది గిన్నెలో పడుతుంది.

మసిగుడ్డ, సింక్ స్పాంజ్: వంటింట్లో అన్నిటికన్నా మురికివి ఇవే కావచ్చు. గుడ్డలు రోజూ మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి. రుచి చూసిన గరిటెని మళ్లీ గిన్నెలో పెట్టొద్దు, ఎంగిలి ఎవరిదైనా ఎంగిలే. కింద పడినది ఐదు సెకన్లలో తీస్తే ఏమీ కాదన్నది ఉత్త మాట. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో పరీక్షించి, కొన్నిసార్లు ఒక్క సెకనులోపే క్రిములు అంటుకుంటాయని తేల్చారు. తడిగా ఉన్న పుచ్చకాయ ముక్కకి అన్నిటికన్నా ఎక్కువ అంటుకున్నాయి.

ఫినాయిల్, బ్లీచ్ లాంటివి తాగేనీళ్ల సీసాల్లో పోసి పెట్టొద్దు. అచ్చువేసిన కాగితం మీద వేడి తిండి పెట్టొద్దు, సిరా అంటుకుంటుంది. బొద్దింకలకీ ఎలుకలకీ మందు ఒకటే: రాత్రి పడుకునేముందు గట్టు మీద ఒక్క మెతుకు కూడా ఉండకూడదు.

వాలిపోయింది, ఇప్పుడేం చేయాలి

ఇంత చదివాక ఈగ వాలిన ప్రతి పళ్లేన్నీ పారేయాలేమో అనుకోవద్దు. నేనైతే నాలుగు సంగతులు చూస్తాను: తడిదా పొడిదా, ఎంతసేపు వాలింది, మళ్లీ వేడి చేసేదా, ఎవరు తినబోతున్నారు.

పొడి బ్రెడ్ ముక్క మీద ఒక్క క్షణం వాలి లేచింది, తినేది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు, ఇప్పుడే తినేస్తున్నారు. అంత మేరకి తుంచేసి తినండి, ముప్పు తక్కువ. ఇప్పుడే దించిన కూర మీద వాలితే మళ్లీ పొయ్యి ఎక్కించి, బుడగలొచ్చేలా మరిగించండి. కోసిన పండ్లు గంటల తరబడి తెరిచి ఉన్నాయి, ఎన్ని ఈగలు ఎంతసేపు వాలాయో తెలియదు. పారేయండి, కడిగితే పోయేది కాదు. తెల్లటి సన్నటి గింజల్లాంటివి కుప్పగా కనిపిస్తే అవి గుడ్లు. పైపైన గీకేసి మిగతాది వాడొద్దు, మొత్తం పారేయండి.

పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, జబ్బుతో నీరసించినవాళ్లు తినేదైతే నా లెక్క మారిపోతుంది. వాళ్ల విషయంలో పొడిదా తడిదా అని కూడా చూడను. పాలసీసా పీక మీద ఈగ వాలితే సీసాలో పాలు పారబోసి, పీకా సీసా కడిగి, నీళ్లలో మరిగించాకే మళ్లీ వాడాలి.

ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ముందు వెళ్లిపోయిన నీరు తిరిగి ఇవ్వాలి. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. మలంలో రక్తం, తగ్గని జ్వరం, తాగింది తాగినట్టు కక్కేయడం, మూత్రం తగ్గిపోవడం, పిల్లలు మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలి. విరేచనాలు వంట చేసే మనిషికే పట్టుకుంటే, పూర్తిగా ఆగిన తర్వాత కూడా 48 గంటలపాటు ఆ మనిషి వంటింట్లోకి రాకూడదు. మా దగ్గర ఆ రెండు రోజులకీ జీతం కోయం. కోస్తే ఎవరూ చెప్పరు, కడుపు పట్టుకునే గరిటె తిప్పుతారు.